అవేర్‌నెస్‌కి తెలుగు మాట: అవగాహనా, స్పృహా, ఎరుకా?

నిన్న మన బృందంలో ఒక తమ్ముడు అడిగారు. "ధ్యానం నేర్పేచోట మాటమాటకీ అవేర్‌నెస్ అంటున్నారు. దాన్ని తెలుగులో ఏమని రాయాలి?" అని. కింద అవగాహన, స్పృహ, ఎరుక, మూడింటికీ ఓట్లు పడ్డాయి. నేను ఎరుక పక్షం. ఎందుకో వ్యాఖ్యలో ఇమడదు కాబట్టి ఇలా విడిగా పెడుతున్నాను.

అవగాహన సంగతి చప్పున తేలిపోతుంది. ఇప్పుడది ట్రాఫిక్ నిబంధనల మీద అవగాహన ర్యాలీ, మధుమేహం మీద అవగాహన సదస్సు. అసలు అర్థం నీళ్ళలో మునగడం. 2016 పుష్కరాల్లో దుర్గాఘాట్‌లో మనమంతా వేసిన మునకలు అవగాహనమే. విషయంలో మునిగి తెలుసుకోవడమన్నది ఆ తరవాత వచ్చిన అర్థం. మంచి మాటే గానీ, ధ్యానంలో మునగమని ఎవరూ చెప్పరు. ఆలోచనల్లో ఎలాగూ పొద్దస్తమానం మునిగే ఉంటాం.

స్పృహ ఇంకా చిక్కు. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుణ్ణి 'సుఖేషు విగతస్పృహః' అన్నది సుఖాల మీద కోరిక పోయినవాడని. మన వాడుకార్థం పెట్టుకుని చదివితే ఆ శ్లోకం తలకిందులవుతుంది. తెలుగులో నిస్పృహ అన్నప్పుడు మాత్రం ఆ పాత కోరిక ఇంకా లోపల ఉంది. 'స్పృహ తప్పింది', 'సామాజిక స్పృహ' అన్నవి మనం పెంచుకున్న అర్థాలు. అవి తప్పని నేననను, మాట ఎక్కడికి పోయి బతికితే అదే దాని ఊరు. కానీ ధ్యానం గురించి రాసేటప్పుడు గీతా పక్కనే ఉంటుంది, చదివేవాళ్ళు తికమకపడతారు.

ఇక బుద్ధుడు వాడిన మాట. బౌద్ధ గ్రంథాల భాష పాలీలో సతి, సంస్కృతంలో స్మృతి. ఊపిరి రాకపోకల మీద ఉంచే స్మృతి ఆనాపానసతి. స్మృతి అంటే జ్ఞాపకం కదా, ఇప్పుడు జరుగుతున్న ఊపిరికి జ్ఞాపకమేమిటని చాలామంది అడుగుతారు. మన ఇళ్ళలోనే జవాబుంది. "స్మారకం లేకుండా పడున్నాడు" అంటాం. అదీ 'స్మృ' ధాతువే. అక్కడ స్మారకమంటే నిన్నటి సంగతి గుర్తుండటం కాదు, ఇప్పుడిక్కడ ఉన్నానని మరవకుండా ఉండటం. అమరావతి, భట్టిప్రోలు స్తూపాలు కళకళలాడిన రోజుల్లో ఈ కృష్ణ ఒడ్డున భిక్షువుల నోట సతి అన్న మాట నలిగే ఉంటుంది. దాని అర్థం మన 'స్మారకం'లో ఇంత చెక్కుచెదరకుండా కనిపించడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

వేదన అన్న మాటతో మాత్రం నేను దెబ్బతిన్నాను. ఒక అనువాదంలో "వేదనలను గమనించు" అని చదివి, నెలపాటు మోకాళ్ళ నొప్పిని చూస్తూ కూర్చున్నాను. పాలీలో వేదన అంటే నొప్పి ఒక్కటే కాదు. సుఖం, దుఃఖం, రెండూ కానిది, మూడూ వేదనలే. వేదం పుట్టిన 'విద్' ధాతువే దీనికీ మూలం, ఒంటికి తెలియడమని అర్థం. తెలుగులో దానికి నొప్పి ఒక్కటే మిగిలింది. అనువదించేవాళ్ళు ఆ ఒక్కచోట 'అనుభూతి' అని రాసినా నా నెల నాకు దక్కేది.

ఎరుక దగ్గరికి వద్దాం. పాత నిఘంటువుల్లో బండి ఱతో ఎఱుక. తెలంగాణ వాళ్ళ నోట "నాకెరుక" రోజువారీ మాట. మన విజయవాడ, గుంటూరు వైపు దాని చోటు 'తెలుసు' తీసేసుకుంది. అయినా చావలేదు. "నేనెరగను", "ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు", "ఒళ్ళెరగని నిద్ర", "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు". ఎక్కువగా లేనప్పుడే దాన్ని తలుచుకుంటున్నాం చూడండి. తెలుసుకీ దీనికీ తేడా కూడా అక్కడే దొరుకుతుంది. నిద్రపోతున్నవాడికి కూడా ఎక్కాలు తెలుసు. ఒళ్ళు మాత్రం ఎరగడు.

ఈ తేడా నాకు పుస్తకాల్లో అర్థం కాలేదు, పనిలో అర్థమైంది. గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో చాలా ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. ఒకసారి ఎవరిదో సంవత్సరీకానికి పంచే చిన్న పుస్తకం వచ్చింది. లోపలి పేజీలు మూడుసార్లు చదివాను, కామా కూడా వదల్లేదు. అట్టలు అచ్చయి మడతకి వచ్చాక బైండింగు అమ్మాయి ఒకటి పట్టుకొచ్చి, "సార్, ఇక్కడ సుడి లేదేంటండీ?" అంది. పెద్దక్షరాల్లో 'స్మత్యంజలి' అని ఉంది. వట్రసుడి ఎగిరిపోయింది. ఆ అట్ట నా చేతిలో ఎన్నిసార్లు తిరిగిందో! కన్ను చూసింది, నేను చూడలేదు. అక్కడ 'స్మృత్యంజలి' ఉంటుందని బుర్ర ముందే చదివేసుకుంది. ఖర్చు నేనే పెట్టుకుని అట్టలు మళ్ళీ వేయించాను. ఆ రోజునుంచి శీర్షికల్ని చివరినుంచి మొదటికి, ఒక్కో అక్షరం మీద పెన్సిలు మొన పెట్టి చదవడం అలవాటు చేసుకున్నాను. ఉండాల్సింది కాక, ఉన్నది కనబడాలంటే నాకు అదే దారి.

ధ్యానానికి కూర్చోవడం కూడా అచ్చం అలాంటిదే. ఊపిరి లాగక్కర్లేదు, బిగబట్టక్కర్లేదు, అది ప్రాణాయామం. ముక్కుపుటాల దగ్గర, పై పెదవి మీద గాలి తగిలే ఆ కాసింత చోటు చాలు. లోపలికి పోయేది చల్లగా, బయటికొచ్చేది వెచ్చగా తగులుతుంది. రోహిణి కార్తెలో విజయవాడలో కూర్చుంటే రెండూ వెచ్చగానే తగులుతాయి, అప్పుడు ఆ వెచ్చదనాన్నే ఎరగాలి. ఈ సతి గురించి బుద్ధుడు చేసిన బోధ, సతిపట్ఠాన సుత్తం, చెప్పేదీ ఇంతే. పొడుగు ఊపిరైతే పొడుగని, పొట్టిదైతే పొట్టిదని ఎరుగుతాడు. పొడుగు చెయ్యమనలేదు. పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరాల్లో మొదటి మూడురోజులూ ఈ ఊపిరి పనే, ఒంటిమీది అనుభూతుల్ని చూడటం నాలుగోరోజుకి గాని మొదలవదు. ఒక్క చిన్న చోటుకి అంత సమయం ఎందుకో కూర్చుంటే తెలుస్తుంది.

పది ఊపిరులు నిండకముందే మనసు పాలవాడి లెక్క దగ్గరికో, ఎవరో అన్న మాట దగ్గరికో పోతుంది. పోయిందని తట్టిన క్షణం ఉందే, అదే ఎరుక. చాలామంది సరిగ్గా అక్కడే తమని తాము తిట్టుకుని లేచిపోతారు. దయచేసి లేవకండి, మీరు కూర్చున్నది ఆ క్షణం కోసమే.

*చేర్పు:* కింద వ్యాఖ్యల్లో గుంటూరు అక్కయ్యగారు "ఏకాగ్రతన్నా ఎరుకన్నా ఒకటే కాదా?" అని అడిగారు. కాదు అక్కా. సెల్‌ఫోన్ చూస్తున్న పిల్లాడికి ఏకాగ్రత ఉంది, అందుకే పొయ్యిమీద పాలు పొంగినా వాడెరగడు. శిబిరంలో మొదటి మూడురోజులూ కుదుర్చుకునేది ఏకాగ్రతే, నిజమే. కానీ అది పెన్సిలు మొన. ఎరుకంటే అక్షరం కనబడటం, అది వేరే.

"అలజడిగా ఉన్నప్పుడు అసలు కూర్చోలేకపోతున్నాను" అని కూడా రాశారు. మీకో మాట గుర్తుచేస్తాను: తేరుకోవడం. చిన్నప్పుడు సెలవులు అయిపోయే వేళకి దుగ్గిరాలలో మా అమ్మమ్మగారింటి దగ్గర కాలవకి కొత్తనీరు వచ్చేది, ఎర్రగా, చిక్కగా. అమ్మమ్మ చిల్లగింజని రాతిమీద నీళ్ళు చల్లి అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో వేసి ఒక్కసారి గిరగిరా కలిపేది. ఇక చెయ్యి పెట్టనిచ్చేది కాదు. తేరిందో లేదోనని నేను గరిటె ముంచితే చేతిమీద ఒక్కటి పడేది. తెల్లారేసరికి అడుగున బురద, పైన తేటనీరు. నీళ్ళూ తేరుకుంటాయి, మనిషీ తేరుకుంటాడు, మనకి రెంటికీ ఒకటే మాట. అలజడి ఉన్నరోజున ఇరవై నిమిషాలొద్దు, అయిదే కూర్చోండి. తగ్గిందా లేదా అని మాత్రం మధ్యలో గరిటె పెట్టకండి.

చిల్లగింజని పల్నాటి వైపు ఏమంటారు? మీ ఇళ్ళలో పెద్దవాళ్ళెవరైనా ఎరుక అన్న మాటని 'ఎరగను', 'ఎరగడు' లాంటి లేదనే అర్థంలో కాకుండా ఇప్పటికీ వాడుతుంటే, ఆ వాక్యం యథాతథంగా కింద రాయండి.