వైద్య, నర్సింగ్ విద్యార్థులు కలిసి నేర్చుకుంటే వార్డులో ఏమైనా మారుతుందా?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, కావలి): మా ఆసుపత్రిలో ఉదయం రౌండ్లకు డాక్టరుగారి వెంట నర్సు కూడా వెళ్తుంది గానీ, రాత్రంతా రోగిని కనిపెట్టుకుని ఉన్న ఆమెను ఎవరూ ఏమీ అడగరు. వేర్వేరు వృత్తులవారికి ఉమ్మడి శిక్షణ ఇస్తే ఈ పరిస్థితి నిజంగా మారుతుందా?

సమాధానం (నర్సింగ్ ట్యూటర్, నెల్లూరు): ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పిన ప్రకారం, రెండు లేదా అంతకు మించిన వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు కలిసి నేర్చుకుంటేనే అది ఉమ్మడి విద్య అవుతుంది. అందరినీ ఒకే హాలులో కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పడం దీని కిందికి రాదండీ. ఒక మధుమేహ రోగి డిశ్చార్జి ప్రణాళికను వైద్య, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థుల చేత కలిసి రాయించండి. ఇన్సులిన్ మోతాదు ఎవరు నిర్ణయిస్తారు, ఇంట్లో సూది వేసుకోవడం ఎవరు నేర్పుతారు అన్న చర్చలోనే ఎవరి పని ఏమిటో వారికి తెలిసివస్తుంది.

సమాధానం (ఐసీయూ నర్సు, ఒంగోలు): కళాశాలల సంగతి అలా ఉంచి, ముందు రోగి పరిస్థితిని డాక్టరుకు ఒక వరుసలో చెప్పే ఎస్‌బార్ పద్ధతిని అలవాటు చేయండి మేడం. పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన అనే ఈ వరుస అమెరికా నౌకాదళం నుంచి వైద్యరంగానికి వచ్చింది. ‘పేషెంటుకు బాగోలేదు సార్’ అనడానికి బదులు ‘బీపీ 80/50 ఉంది, నిన్ననే ఆపరేషన్ అయింది, రక్తస్రావమేమోనని అనుమానం, మీరు వెంటనే వచ్చి చూడాలి’ అని చెప్పగలగాలి. ఆ చివరి మాట దగ్గరే మనవాళ్లు (నాతో సహా) వెనుకాడతారు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. రాత్రి డ్యూటీ అప్పగింతలతోనే మొదలుపెడతాను.