గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించాలా?

తెనాలి తమ్ముడు
మా వదినకు 42 ఏళ్లు. గర్భసంచిలో గడ్డల (ఫైబ్రాయిడ్ల) వల్ల నెలలో పది రోజులు రక్తస్రావం అవుతూ హిమోగ్లోబిన్ 7కు పడిపోయింది. మందులతో లొంగకపోవడంతో గర్భసంచి తీసేయాలని డాక్టరు నిర్ణయించారు. స్కానింగులో అండాశయాలు రెండూ బాగానే ఉన్నాయని వచ్చినా, ఎలాగూ పొట్ట తెరుస్తున్నాం కనుక వాటినీ తీసేస్తే రేపు క్యాన్సర్ భయం ఉండదని ఆయన అంటున్నారు. తీయించాలా, ఉంచాలా? తెలిసినవారు చెప్పగలరు.

గోదావరి గట్టు
మారు ఆలోచన లేకుండా తీయించండి. మా అమ్మ కడుపు ఉబ్బరంగా ఉందంటే నెలల తరబడి గ్యాసు మాత్రలు ఇచ్చారు. స్కానింగ్ తీసేసరికి అండాశయ క్యాన్సర్ పొట్టంతా పాకి, నీరు చేరిపోయింది. రొమ్ముకు మామోగ్రామ్ ఉంది, గర్భాశయ ముఖద్వారానికి పాప్ స్మియర్ ఉంది, దీనికి ఏముంది? బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలను తీసుకుని, వారిలో సగం మందికి సీఏ-125 రక్తపరీక్షో, స్కానింగో ఏటా చేస్తూ పోయినా మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు. ముందుగా పట్టుకునే దారే లేని జబ్బు ఇది. పిల్లలు పుట్టేశాక పని లేని అవయవానికి కాపలా కాయడం ఎందుకు?

కొత్తపేట
మా పిన్నికి రెండూ తీసేశారు. నిక్షేపంగా పొలం పనికి వెళుతోంది.

పాలమూరు ఆడపడుచు
కొత్తపేట గారూ, ఏ వయసులో తీశారో చెప్పకపోతే ఆ మాట ఎందుకూ కొరగాదు.

గోదావరి గట్టు గారు పని లేని అవయవం అన్నారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆడపిల్ల పుట్టేటప్పటికి అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల ఫాలికిల్స్, అంటే అండం పెరిగే చిన్న తిత్తులు, ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. వాటిలో జీవితం మొత్తం మీద అండంగా విడుదలయ్యేవి నాలుగైదు వందలే. అండాశయం బిడ్డల కోసమే అయితే మీరన్నట్టు అక్కడితో దాని పని తీరిపోవాలి. కానీ ఎముక గుల్లబారకుండా, రక్తనాళాలు బిరుసెక్కకుండా కాచే ఈస్ట్రోజెన్ తయారయ్యేది అక్కడే. ముట్లుడిగిన తరువాత కూడా కొంతకాలం టెస్టోస్టెరాన్ వంటి హార్మోన్లు అక్కడినుంచి అందుతూనే ఉంటాయి.

మా అక్కకు 34వ ఏట గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఏళ్ల తరబడి మెల్లగా రావలసిన మార్పు ఆమెకు వారం తిరగకుండానే వచ్చిపడింది. అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిర్లు ఎగసి, జాకెట్టు తడిసిపోయి, లేచి ఫ్యాను కింద కూర్చునేది. 41 ఏళ్లకు స్నానాలగదిలో కాలు జారి చేయి ఊనితే మణికట్టు విరిగింది. ఆమెది ఒక్కరి కథ అనుకుంటే, అమెరికాలో గర్భసంచి తీయించుకున్న 29,380 మంది నర్సులను 24 ఏళ్లు గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనం ఉంది. అండాశయాలు కూడా తీయించుకున్నవారిలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు తగ్గిన మాట నిజమే. అయితే గుండెజబ్బులు, అన్ని కారణాల వల్ల కలిగే మరణాలు వారిలోనే ఎక్కువ.

కొత్తపేట
56 ఏళ్లకు తీశారండి.

మందుల షాపు మూర్తి
మీ అక్కగారికి హార్మోన్ మాత్రలు ఎందుకు ఇవ్వలేదన్నదే అసలు ప్రశ్న. 2002లో అమెరికాలో హార్మోన్ మాత్రల మీద జరుగుతున్న ఒక పెద్ద పరీక్షను మధ్యలో ఆపేసినప్పటినుంచి హార్మోన్లంటే రొమ్ము క్యాన్సర్ అనే భయం డాక్టర్లకు కూడా పట్టుకుంది. ఆ పరీక్షలో పాల్గొన్నవారి సగటు వయసు 63. 34 ఏళ్లకే అండాశయాలు పోయినవారికి ఆ లెక్క వర్తించదు. గర్భసంచి కూడా లేదు కనుక దాని లోపలి పొరను కాచే ప్రొజెస్టెరాన్ కలపనక్కరలేదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది. ముట్లుడిగే వయసు వరకు వాడితే సరి.

గోదావరి గట్టు
విన్నారుగా! మాత్ర వేసుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?

పాలమూరు ఆడపడుచు
మూర్తి గారూ, పదిహేనేళ్ల పాటు రోజూ మాత్ర కొనిపెట్టి, ఏడాదికొకసారి పరీక్షకు తీసుకువెళ్లే ఇల్లు ఎంతమంది కూలి ఆడవాళ్లకు ఉందో చెప్పండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. వీరిలో అండాశయాలు కూడా పోగొట్టుకున్నవారికి మాత్ర సంగతి ఎవరు చెప్పారు?

గోదావరి గట్టు
మా అమ్మ మీ సర్వేలో ఏ శాతంలో ఉందో కూడా చెప్పండి. మీ అక్క చేయి విరిగింది, కట్టు కడితే అతుక్కుంది. మా అమ్మ లేదు. ఉంచుకుంటే క్యాన్సర్ రాదని మీరు రాసి ఇస్తారా?

పాలమూరు ఆడపడుచు
ఎవరూ రాసి ఇవ్వలేరు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లు రెండింటి ముప్పునూ పెంచే బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉంటే జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నలభై శాతం దాకా ఉంటుంది. అటువంటివారు 35-40 ఏళ్ల మధ్య తీయించుకోవడమే మేలు. హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ 2015లో తీయించుకున్నది అందుకే. లోపం లేనివారికి ఆ ముప్పు నూటికి ఒకరి దరిదాపుల్లోనే ఉంటుంది. పైగా ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగం అండాశయం నుంచి గర్భసంచికి దారి అయిన ఫాలోపియన్ నాళాల్లో మొదలవుతుందని తేలాక, నాళాలు తీసి అండాశయాలు ఉంచే పద్ధతి కూడా వచ్చింది. తెనాలి తమ్ముడు గారి డాక్టరు ఆ మాట ఎందుకు ఎత్తలేదు?

గోదావరి గట్టు
అమ్మ పోయాక నేను 40వ ఏట అడిగి మరీ తీయించుకున్నాను. ఇద్దరు డాక్టర్లు కాదంటే మూడో ఆవిడను బతిమాలి ఒప్పించాను. ఆవిర్లు నాకూ వచ్చాయి, భరించాను, కానీ రాత్రి నిద్ర పడుతోంది. అది తప్పని చెప్పడానికి మీరెవరు?

పాలమూరు ఆడపడుచు
మీరు అడిగి తీయించుకున్నారు. మా అక్కను అడగనే లేదు. గర్భసంచి ఆపరేషన్ అనుకుని లోపలికి వెళ్లింది, బయట బావ సంతకం పెట్టాడు. మూడేళ్ల తరువాత వేరే ఆసుపత్రిలో పాత కాగితాలు తిరగేసిన డాక్టరు చెబితేనే అండాశయాలు లేవని ఆమెకు తెలిసింది. ఆ కాగితాల్లో బయాప్సీ రిపోర్టు ఉంది. రెండు అండాశయాల్లోనూ ఏ జబ్బూ లేదని అందులో రాసి ఉంది.

ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ పరీక్ష కోసం లాపరోస్కోపీకి (పొట్టలోకి సన్నని గొట్టం పంపి చూడడానికి) ఒప్పుకుంటే, మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించి గర్భాశయం, అండాశయాలు తీసేసిన కేసులో, ఆ అనుమతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే తీర్పు ఇచ్చింది. పరిహారం పాతిక వేలు.

గోదావరి గట్టు
అడగకుండా తీయడం దుర్మార్గమే, దాన్ని నేను సమర్థించలేదు. కానీ అడిగితే ఏమవుతుంది? మా ఊళ్లో ఏ ఆడమనిషిని అడిగినా మీ ఇష్టం డాక్టరు గారూ అంటుంది.

పాలమూరు ఆడపడుచు
క్యాన్సర్ వస్తుందని ముందు బెదిరించి తరువాత అడిగితే అలాగే అంటుంది. ఎముకల సంగతి, గుండె సంగతి కూడా చెప్పి అడిగి చూడమనండి.

గోదావరి గట్టు
నన్ను ఎవరూ బెదిరించలేదు. అమ్మను చూసి నేనే భయపడ్డాను. భయపడి తీసుకున్న నిర్ణయం నిర్ణయం కాదంటారా?

తెనాలి తమ్ముడు
ఇదంతా వదినే చదివింది. వాళ్ల పెద్దమ్మకు 38 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న సంగతి ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ బయటపెట్టలేదు, డాక్టరు కూడా అడగలేదు. హిమోగ్లోబిన్ పెరిగేదాకా ఆపరేషన్ ఎలాగూ ఆగాలి కనుక, ఈలోగా జన్యుపరీక్ష చేయించుకుంటానంటోంది. లోపం లేదని వస్తే గర్భసంచి, నాళాలు మాత్రమే తీయమని తానే అడుగుతుందట.

గోదావరి గట్టు
లోపం ఉందని వస్తే మాత్రం ఆమెను ఇక్కడెవరూ ఆపకండి.

మందుల షాపు మూర్తి
అలా వచ్చి తీయించుకున్నా, రొమ్ము క్యాన్సర్ రాని వారైతే హార్మోన్లు ఇవ్వవచ్చు. డిశ్చార్జి రోజునే ఆ మాట అడగమనండి.