వినపడని చెల్లెలు నెల్లూరులో ఒక్కతే ఉండబోతోంది, ఇంట్లో ఏమేం అమర్చాలి?

కావలి_అన్న:
చెల్లెలికి పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు, మిషన్ పెట్టినా మాట అందదు. వచ్చే నెల నుంచి మాగుంట లేఅవుట్‌లో పోర్షన్‌లో ఉంటుంది, పైన ఓనరు వాళ్లు. సైగల భాష వచ్చు, తెలుగు చదువుతుంది, రాస్తుంది. తలుపు కొడితే తెలియడం, పొద్దున లేవడం, వంట, రాత్రి ఏదన్నా అయితే? ఏం కొనాలి, ఓనరుకి ముందే ఏం చెప్పాలి?

వైరింగ్_పని:
బెల్లుకి పెద్ద ఖర్చేం లేదు. ఉన్న కాలింగ్ బెల్లుకే పారలల్‌గా హోల్డరు కట్టించి 7 నుంచి 9 వాట్ల ఎర్ర ఎల్‌ఈడీ బల్బు పెట్టించండి. అర వాట్ జీరో బల్బు పగటి వెలుతురులో కనపడదు. గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి. ఎర్రదే ఎందుకంటే మామూలు లైటు మిణుకుమంటే ఓల్టేజీ అనుకుని వదిలేస్తారు.

రెండు చోట్ల తేడా వస్తుంది. బెల్లు తీసేసి బల్బు ఒక్కటే ఉంచి, ఇండికేటర్ ఉన్న బెల్ పుష్ బిగిస్తే, ఆ చిన్న దీపం గుండా కాస్త కరెంటు కారి ఎవరూ నొక్కకపోయినా ఎల్‌ఈడీ మిణుకుతుంటుంది. ఇండికేటర్ లేని పుష్ అడగండి. రెండోది, బల్బు బెల్లు నొక్కినంతసేపే వెలుగుతుంది. పుష్ పక్కన "నాకు వినపడదు, ఆపి ఆపి నాలుగుసార్లు నొక్కండి" అని అంటించండి. ఇన్వర్టరుంటే ఈ పాయింటు ఆ లైనులో కలపండి, లేకుంటే కరెంటు పోయినప్పుడు బెల్లూ లేదు, బల్బూ లేదు.

పొద్దున్నే_టిఫిను:
లేవడానికి వైబ్రేషన్ ఉన్న చేతి బ్యాండ్ చాలు. 5 నిమిషాల తేడాతో మూడు అలారాలు. చార్జింగ్ సాయంత్రం పెట్టుకోవాలి, రాత్రి పెడితే చేతికి ఉండదు గదా! ఫోను దిండు కింద పెట్టి చార్జ్ చెయ్యనివ్వొద్దు, వేడెక్కుతుంది. పైగా దూది పరుపు అదురుని మింగేస్తుంది.

కుక్కరు విజిల్ లెక్క ఆమెకి పనికిరాదు. వెయిట్ లేచి ఆవిరి చిమ్మడం కంటికి కనపడుతుంది, అప్పుడు మంట తగ్గించి బ్యాండ్‌లో టైమరు పెట్టుకోవాలి. బియ్యాన్ని బట్టి నిమిషాలు ఒకసారి చూసుకుంటే సరి.

కావలి_అన్న:
చెప్పడం మరిచా, టాంకు మోటారు స్విచ్చి మా పోర్షన్‌లోనే ఉంది.

వైరింగ్_పని:
అయితే అసలు తంటా అదే. టాంకు నిండి పొర్లే చప్పుడు ఆమెకి తెలియదు. టైమరు నమ్మకం లేదు, ఓల్టేజీ తగ్గితే నిండే సేపు మారుతుంది. నిండగానే మోటారు ఆపే ఆటోమేటిక్ కంట్రోలరు ఓనరు చేత పెట్టించండి, సంపులో కూడా సెన్సరు ఉండాలి. సంపు ఎండితే మోటారు మోత మారుతుంది, మనం విని ఆపేస్తాం, ఆమె ఆపలేదు, వైండింగ్ కాలిపోతుంది. అది వచ్చేదాకా పైపు మీద చెయ్యి వేసి చూడమనండి: నీళ్లెక్కుతుంటే సన్నగా అదురుతూ చల్లగా ఉంటుంది.

పెన్నగట్టు:
రాత్రి సంగతి. 112 ఇండియా యాప్‌లో పేరు, ఇంటివాళ్ల నంబర్లు ముందే నింపాలి. ఆపదలో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. కొన్ని ఫోన్లలో అదే నొక్కుడుకి కెమెరా తెరుచుకుంటుంది, సెట్టింగ్స్‌లో అది ఆపేయండి. అటునుంచి కాల్ వస్తే ఎత్తి మాట్లాడలేదు కాబట్టి ఓనరు నంబరు కూడా ఉండాలి.

వానాకాలం ఇంకో చిక్కు. 2021 నవంబరు పెన్న వరద లాంటిది వస్తే వీధిలో మైకు హెచ్చరిక ఆమెకి చేరదు. ఫోనులో ఎమర్జెన్సీ అలర్టులు, వాటి వైబ్రేషన్ ఆన్‌లో ఉన్నాయో చూడండి. ప్రభుత్వ విపత్తు హెచ్చరికలు పంపే సచేత్ యాప్ కూడా వేయండి. తలుపు బద్దలుకొట్టే పని లేకుండా ఓనరమ్మ దగ్గర ఒక తాళంచెవి ఉంచడం మేలు, చెల్లెలు ఒప్పుకుంటేనే.

సైగల_టీచర్:
ఓనరమ్మకి ఒక్క మాట: గట్టిగా అరిస్తే ఉపయోగం లేదు, పెదాలు వంకర పోయి ఇంకా అర్థం కాదు. పెదాలు చూసి పట్టుకోవడానికీ హద్దుంది. పాట, బాట, మాట అద్దం ముందు అని చూడండి, మూడూ ఒకటే. అద్దె, కరెంటు బిల్లు, తేదీలు వాట్సాప్‌లో రాయమనండి. ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సొస్తే ఫోనులో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ మన మాటని తెలుగులో రాసి చూపిస్తుంది, ఫ్యాను మోతలో మాత్రం తప్పులు పోతుంది. వెనకనుంచి వచ్చి భుజం పట్టుకోవద్దని కూడా చెప్పండి, ఉలిక్కిపడతారు. లైటు రెండుసార్లు వేసి ఆర్పితే చాలు.