టైమింగ్ బెల్టు తెగాక నేరుగా హెడ్డు (ఇంజన్ పైభాగం) దింపాలా, ముందు ఇంకేమైనా చూడాలా?

కోరాపుట్_రోడ్డు
డీజిల్ కారు, కామన్ రైల్, 8 వాల్వులు, కామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) కింద నేరుగా బకెట్ ట్యాపెట్లు (వాల్వుల మీద గిన్నెల్లా బోర్లించినవి). 92,000 కి.మీ. తిరిగింది, బెల్టు ఒక్కసారీ మార్చలేదు. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కుతుంటే సెకండ్ గేరులో టప్పుమని ఆగింది. ఇప్పుడు కోరాపుట్ షెడ్డులో ఉంది. ఒక మేస్త్రి "కొత్త బెల్టేసి సెల్ఫు కొడదాం, పడితే పడింది" అంటున్నాడు. ఇంకో ఆయన "ఇంజనే పోయింది, సెకండ్‌హ్యాండ్‌ది చూసుకోండి" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జయపురం_డీజిల్
ఇద్దరి మాటా వద్దు. ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి పెట్టించండి, ఎవరూ సెల్ఫు ముట్టుకోకుండా.

కామ్‌ని క్రాంకుతో (పిస్టన్లు తిప్పే ఇరుసు) కలిపి తిప్పేది టైమింగ్ బెల్టే. అది తెగిన క్షణాన కామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఆగిన చోట ఏవో కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి. క్రాంకు మాత్రం ఆగదు. 2,000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 33 చుట్లు, ఫ్లైవీలు బరువుకి ఇంకా తిరుగుతూనే ఉంటుంది. డీజిల్‌లో పిస్టన్ పైకొచ్చేసరికి హెడ్డుకీ దానికీ మధ్య మిగిలేది మిల్లీమీటరు అటూ ఇటూ. వాల్వు పూర్తిగా తెరుచుకుంటే ఎనిమిది, తొమ్మిది మి.మీ. కిందికి దిగుతుంది. తగలక ఎక్కడికి పోద్ది?

ఎక్కుడులో తెగడం మీ అదృష్టం, బండి బరువే ఇంజన్ని తొందరగా ఆపేస్తుంది. అదే పొట్టంగి నుంచి కిందికి గేరులో దిగుతున్నప్పుడయితే చక్రాలే క్రాంకుని తిప్పుతూ పోతాయి, ప్రతి చుట్టుకీ దెబ్బే. అలాంటప్పుడు వెంటనే క్లచ్ తొక్కాలి. స్టీరింగ్ బరువెక్కుద్ది, బ్రేకు బూస్టరులో వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే సరిపోద్ది. అందుకని పంపు చేయకుండా ఒకటే తొక్కుడు. తాళం లాగకూడదు, స్టీరింగ్ లాకవుద్ది. ఆగిన బండిని గేరులో పెట్టి తోయించారా, మిగిలిన వాల్వులు కూడా పోయినట్టే.

పర్లాకిమిడి_రెంచి
బకెట్ ట్యాపెట్లు అన్నారు కాబట్టి హెడ్డు దింపకుండానే సగం సంగతి తేలుతుంది. చాలా షెడ్లలో ఈ పని చేయరు, నేరుగా హెడ్డు బోల్టుల మీదకే పోతారు.

గేరు న్యూట్రల్, గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ స్టార్టవడానికి సిలిండర్లో వేడిచేసేవి) తీసేయండి. క్రాంకు బోల్టుకి రింగు స్పానరేసి చేత్తో మెల్లగా తిప్పి, పిస్టన్లు నాలుగూ సిలిండర్లో సగం ఎత్తున ఉండేట్టు పెట్టాలి. అంటే మొదటి సిలిండర్ టాప్ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు) నుంచి 90 డిగ్రీలు వెనక్కి. మధ్యలో గట్టిగా తగిలితే బలం పెట్టొద్దు, రెండో వైపు తిప్పండి. నాలుగూ సగంలో ఉన్నాయంటే ఇక కామ్‌ని ఎటు తిప్పినా ఏదీ తగలదు.

ఇప్పుడు వాల్వు కవర్ తీసి, ఒక్కో కామ్ ముక్కు పైకి వచ్చినప్పుడు కింద బకెట్‌కీ కామ్‌కీ మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకులు) పెట్టండి. వంగిన వాల్వు సీటు దాకా వెనక్కి రాలేదు, దాని కాడ కిందే ఉండిపోతుంది, అందుకని సందు పెరుగుతుంది. ఏడింటికి కంపెనీ పుస్తకంలో కొలత వచ్చి ఎనిమిదో దానికి 0.3, 0.4 మి.మీ. ఎక్కువొస్తే ఆ వాల్వు వంగినట్టే. ఇందుకు కావలసింది ఒక ఫీలర్ గేజి, ఒక గంట.

సందులన్నీ బాగున్నా సంబరపడొద్దు. కామ్ క్యాపులు (కామ్‌ని పట్టి ఉంచే మూతలు) విప్పి కామ్ ఎత్తేస్తే స్ప్రింగులు వాల్వులన్నిటినీ మూసేస్తాయి. అప్పుడు గ్లో ప్లగ్గు కన్నంలో అడాప్టర్ బిగించి 7 బార్ గాలి పంపండి. గాలి కొట్టేముందు క్రాంకు మీద స్పానర్ తీసేయాలి. పిస్టన్‌ని గాలి కిందికి తోసేస్తుంది, స్పానర్ తిరిగి చేతికి తగిలితే ఎముక విరుగుద్ది. సైలెన్సర్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్లెట్. ఆయిల్ పోసే మూత దగ్గర కొంచెం వస్తే రింగుల లీకు, పాత ఇంజన్లో అది మామూలే.

రాయగడ_ట్యాక్సీ
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. స్విఫ్ట్ డీజిల్‌కి బెల్టు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి?

జయపురం_డీజిల్
దానికి బెల్టు లేదు బాబూ. ఆ 1.3 డీడీఐఎస్‌కి చైను. ఆయిల్ వేళకి మార్చకపోతే చైను వదులై పొద్దున స్టార్ట్ చేయగానే గరగరమంటుంది, అది వేరే చర్చ. బెల్టున్నవి డస్టర్ 1.5 డీసీఐ, పోలో 1.5 టీడీఐ, ఎకోస్పోర్ట్ 1.5 టీడీసీఐ, పాత ఇండికా డీజిల్ లాంటివి.

బరంపురం_లేత్
హెడ్డు దింపాల్సి వస్తే మా బల్ల మీదకి వచ్చాక చూసేవి చెబుతా.

వంగిన రెండు వాల్వులే మార్చి మిగతావి ఉంచేయమని అడుగుతారు. వద్దు. కాడ కంటికి తిన్నగానే ఉంటుంది, అద్దం పలక మీద దొర్లిస్తే తల ఊగుతుంది. ఎనిమిదీ మార్చాలి. సుత్తితో సరిచేసినది అసలు వేయకూడదు. కాడకీ తలకీ అతుకు దగ్గర నెర్ర పడి ఉంటుంది, ఏదో ఒకరోజు తల ఊడి పిస్టన్ మీద పడుతుంది, అప్పుడు బ్లాకు కూడా పోతుంది. గైడు (వాల్వు కాడ జారే గొట్టం) కింది అంచు చిట్లిందేమో టార్చి వేసి చూడాలి. కామ్ క్యాపులు కూడా, వాల్వు తిరిగి తోసిన దెబ్బ వాటి మీదే పడుతుంది.

పిస్టన్ మీద చంద్రవంకలా చిన్న గుర్తుంటే ఫర్వాలేదు, నెర్ర ఉంటే కాదు. తర్వాత డయల్ గేజితో నాలుగు పిస్టన్లూ టాప్‌లో ఎంత ఎత్తు వస్తున్నాయో కొలవండి. ఒకటి మిగతావాటికన్నా 0.1 మి.మీ. దాకా తగ్గితే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపేది) వంగిందని అనుమానించాలి. ఇది చూడకుండా హెడ్డు బిగించేస్తే ఆర్నెల్లకి బేరింగు కొట్టుకుని మళ్లీ మొత్తం విప్పుతారు.

హెడ్డుకి ఫేసింగు (అడుగు చెక్కి చదును చేయడం) అడగ్గానే కొట్టించొద్దు. స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి 0.05 మి.మీ. ఫీలర్ దూరకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. కామన్ రైల్ డీజిల్ హెడ్లకి ఫేసింగు చేయకూడదని చాలా కంపెనీలు పుస్తకంలోనే రాస్తాయి, ఇంజెక్టర్ మొన బయటికి పొడుచుకొచ్చే కొలత మారిపోతుంది కాబట్టి. కొన్ని ఇంజన్లకి హెడ్డు ప్యాకింగు రెండు మూడు మందాల్లో వస్తుంది. అంచున ఉండే కన్నాలో గాట్లో లెక్కపెట్టి అదే తెచ్చుకోవాలి.

బోల్టులు కొత్తవే, ఇవి సాగే రకం. బ్లాకులో బోల్టు కన్నాల్లో ఆయిలూ నీళ్లూ సిరంజితో లాగేయండి. అడుగు మూసిన కన్నంలో ఆయిల్ ఉండగా బోల్టు బిగిస్తే అది పోయే దారి లేక బ్లాకే నెర్రవిచ్చుతుంది. బిగింపు ముందు న్యూటన్ మీటర్లలో, తర్వాత డిగ్రీల్లో. "చేతికి తెలుస్తాది" అనే మేస్త్రికి ఈ పని ఇవ్వొద్దు.

పర్లాకిమిడి_రెంచి
తెగిన బెల్టు పారేయనివ్వకండి. కొత్తదీ ఎందుకు తెగుతుందో అదే చెబుతుంది. పళ్లు మెత్తబడి ఉబ్బితే కామ్ లేదా క్రాంకు ఆయిల్ సీలు కారుతున్నట్టు. కొన్ని పళ్లు మాత్రం వరుసగా నున్నగా పోయుంటే వాటర్ పంపో టెన్షనరో (బెల్టుని బిగువుగా ఉంచే చక్రం) పట్టేసింది. ఒక అంచే పీచులు లేచిందంటే ఐడ్లర్ (బెల్టుకి దారి చూపే చక్రం) వంకరగా తిరుగుతోంది. కవర్ లోపల నల్లటి దారాలు చుట్టుకుని ఉంటే, తెగింది ముందు బయటి బెల్టు. ఆల్టర్నేటర్ బెల్టు చిరిగి, ఆ పీచు క్రాంకు పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవర్లోకి దూరి అసలు బెల్టుని లాగేస్తుంది. మన వైపు ఎర్రదుమ్ము రోడ్లలో కింది కవర్ పగిలిన బండికి ఐడ్లర్ బేరింగు ఇంకా తొందరగా పోతుంది.

అందుకే బెల్టొక్కటే కొనకండి. టెన్షనర్, ఐడ్లర్, బెల్టు తిప్పేదయితే వాటర్ పంపు, రెండు ఆయిల్ సీళ్లు, క్రాంకు పుల్లీ బోల్టు, బయటి బెల్టు, కూలెంటు. ఆ బోల్టు ఎందుకంటే, కొన్ని ఇంజన్లలో క్రాంకు గేరుకి కీ ఉండదు, బోల్టు బిగింపే దాన్ని పట్టుకుంటుంది. లాకింగ్ పిన్నులు (కామ్‌నీ క్రాంకునీ సరైన చోట కదలకుండా పట్టేవి) పెట్టే టైమింగ్ కట్టాలి. ఆ పిన్నుల ఆధారంతో బోల్టు బిగించకూడదు, పిన్ను విరిగిపోద్ది. కట్టాక చేత్తో రెండు చుట్లు తిప్పి పిన్నులు మళ్లీ దూరుతున్నాయో లేదో చూశాకే సెల్ఫు.

జయపురం_డీజిల్
సెకండ్‌హ్యాండ్ ఇంజను సంగతి. బ్లాకు బాగున్నంత వరకూ నేనయితే కొననివ్వను. కొన్నా, దాని బెల్టు వయసు ఎవరికీ తెలీదు, బండిలో దించకముందే బెల్టు కిట్టు మార్చాలి. ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీఓ దగ్గర ఆర్సీలో ఎక్కించాలి, లేదంటే బీమా క్లెయిములో పట్టుకుంటారు.

కోరాపుట్_రోడ్డు
ఫీలర్ గేజి పెట్టించాను. ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్, మూడో సిలిండర్ ఇన్లెట్ రెండిటికీ 0.7 దాటింది. మిగతా ఆరూ పుస్తకం కొలతలోనే ఉన్నాయి. రేపు హెడ్డు దింపుతున్నారు.

బరంపురం_లేత్
అయితే రాడ్లు బతికే ఉండొచ్చు, అయినా డయల్ గేజి మానొద్దు. ఇంకోటి, బకెట్లు ఒక్కోటీ ఒక్కో మందం. కలిపేస్తే మళ్లీ ఎక్కడిదో తెలీదు. కోడిగుడ్ల ట్రేలో వరుసగా పెట్టి, గుంటల పక్కన నంబర్లు రాయించండి. కొత్త వాల్వులు సీటులో గ్రైండు చేశాక సందులు ఎలాగూ మారతాయి. ట్రేతో సహా హెడ్డు పంపితే ఏ బకెట్ ఎక్కడ సరిపోతుందో ఇక్కడే కొలిచి చెబుతాం, తక్కువైనవే కొనుక్కోవచ్చు.