జంషెడ్జీ టాటా పేరు ముందు "స్వశక్తితో" అని రాయొచ్చా? (ఉగాది భాషణ స్పర్ధ గురించి)

వర్ధా_ఒడ్డు, బల్లార్‌పూర్
అందరికి నమస్తే. ఉగాదికి మన తెలుగు పిల్లలకు పెట్టే భాషణ స్పర్ధ (ఉపన్యాస పోటీ) నోటీసు మొన్న హాలు గోడకు అంటించినం. అంశం: "స్వశక్తితో ఎదిగి సంపదను పంచిన పారిశ్రామికవేత్త". కింద జంషెడ్జీ టాటా అని రాసినం. సాయంత్రానికి ఎవరో "స్వశక్తితో" అన్న మాటను ఎర్ర పెన్నుతో కొట్టేసి పోయిండ్రు. ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను. గోడ మీద కాదు, ఇక్కడికొచ్చి మాట్లాడమంటున్న. ఆ మాట ఉంచాల్నా, తీసెయ్యాల్నా? శనివారం కొత్త నోటీసు ప్రింటుకు పోతది.

మగ్గం_గుంట, చంద్రపూర్
ఎర్ర పెన్ను నాదే. దాచుకునేదేం లేదు.

జంషెడ్జీ 1839లో గుజరాత్‌లోని నవ్‌సారీలో పుట్టాడు. పార్సీ పూజారుల వంశం. ఆ ఇంట్లో వ్యాపారంలోకి మొదట దిగింది ఆయన కాదు, ఆయన తండ్రి నుస్సర్వాన్‌జీ. పల్లె వదిలి బొంబాయి వచ్చి నిలదొక్కుకున్నది తండ్రి. కొడుకు ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువుకుని తండ్రి కొట్లోనే కూర్చున్నాడు. 1859లో హాంకాంగ్ పోయాడు. అక్కడ నడిచిన బేరం పత్తి, నల్లమందు. పిల్లలు ఈ రెండో మాట స్టేజి మీద చెప్తారా? మనం చెప్పనిస్తామా? 1868లో అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీదికి పోయిన ఇంగ్లిష్ సైన్యానికి సరుకులు అందించే కాంట్రాక్టులో కూడా తండ్రీకొడుకులకు వాటా ఉంది.

స్వశక్తి మనిషే కావాలంటే ఆండ్రూ కార్నెగీని పెట్టండి. స్కాట్లండులో చేనేత కార్మికుడి కొడుకు. ఆవిరి మగ్గాలు వచ్చి తండ్రి మగ్గం ఆగిపోతే 1848లో అప్పు చేసి అమెరికా ఓడెక్కారు. పదమూడేళ్లకే బట్టల మిల్లులో కండెలు మోశాడు, వారానికి 1 డాలరు 20 సెంట్లు. అది మా ఇంటి కథలా ఉంటుంది. మా తాత కరీంనగర్ నుంచి మగ్గం విప్పి బండెక్కించుకుని వచ్చాడు, అంతే తేడా.

కాటన్_మార్కెట్, నాగ్‌పూర్
అన్నా, సగం కథ చెప్పి పెన్ను మూసేసినవ్.

అమెరికా అంతర్యుద్ధం అయిపోంగనే పత్తి ధర కుప్పకూలింది గదా, అప్పుడు ఆ తండ్రి కంపెనీ కూడా మునిగింది. జంషెడ్జీ అప్పుడు లండన్ల ఉన్నడు, చేతిల ఉన్న పత్తి కాగితాలు చిత్తు కాగితాలైనయి. పారిపోలే. అప్పులోళ్ల ముందర లెక్కలన్నీ పరిచిండు. వాళ్లు ఆయన్నే ఆ లెక్కలు తేల్చే మనిషిగా జీతమిచ్చి పెట్టుకున్నరు. తర్వాత 1868ల 21,000 రూపాయలతోని సొంత కంపెనీ. దివాలా తీసిన నూనె మిల్లు ఒకటి కొని, బట్టల మిల్లు చేసి, రెండేండ్లకు లాభానికి అమ్మిండు.

ఇగ మా నాగ్‌పూర్ సంగతి. అందరు బొంబాయిల మిల్లులు పెడుతుంటే ఈయన ఈడికొచ్చి, చెరువు పక్కన బురద జాగ చౌకగ కొన్నడు. పత్తి ఈడనే పండుతది, బొగ్గు వరోరాల ఉన్నది, రైలు ఉన్నది. భూమిల బంగారం పాతిపెడుతున్నడని ఓ మార్వాడీ సావుకారి పైసలియ్యలేదంటరు. 1877 జనవరి 1న విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగ ప్రకటించిన దినమే మిల్లు తెరిచిండ్రు, అందుకే ఎంప్రెస్ మిల్లు. మేనేజరుగ ఎవర్ని పెట్టిండో తెలుసా? రైల్వే గూడ్సుల పనిచేసిన బెజన్‌జీ మెహతాను. నూలంటే తెలువని మనిషి! మొదాలు చౌక మిషన్లు కొని దెబ్బ తిన్నరు, మళ్ల మంచివి కొన్నరు. బాపు సొమ్ముతో కూసుని తిన్నోడు ఇన్ని తిప్పలు పడతడా?

మగ్గం_గుంట
తిప్పలు పడ్డాడు, కాదనను. దివాలా సంగతి నేను దాటేసిన మాట నిజమే. అయినా తిప్పలు పడటం వేరు, ఏమీ లేకుండా మొదలుపెట్టడం వేరు. దివాలా తీసినవాడికి లండన్లో కుర్చీ దొరకడమే ఒక ఆస్తి. మా తాతకు చంద్రపూర్లో పీట కూడా దొరకలేదు.

ఇంకోటి. ఆ మిల్లు నూలు మన మగ్గాలకు వచ్చింది, ఆ మిల్లు బట్ట మన చీరల అంగట్లో కూర్చుంది. రెండూ రాసుకోండి.

బదిలీ_కార్మికుడి_కొడుకు, నాందేడ్
కార్నెగీ పేరు తెచ్చినవ్ గాబట్టి చెప్త. అదే కార్నెగీ ఉక్కు ఫ్యాక్టరీ హోమ్‌స్టెడ్‌ల 1892ల యూనియన్‌ను విరగ్గొట్టనీకి తుపాకుల కిరాయి మనుషుల్ని పిలిపించిండ్రు. రెండు దిక్కుల ప్రాణాలు పోయినయి. సారు అప్పుడు స్కాట్లండుల ఉన్నడు, పని చేసింది ఆయన మేనేజరు ఫ్రిక్. తర్వాత 2,500 లైబ్రరీలు కట్టిచ్చిండు. అంటే పేదింట్ల పుట్టి పైకొచ్చినోడు కూలోళ్ల దుఃఖం చూస్తడని నమ్మకమేం లేదు.

మా బాపు ఓ మిల్లుల బదిలీ మీద (పనికి రానోళ్ల జాగల) చేరి 22 ఏండ్లు చేసిండు. మిల్లు పేరు చెప్ప, ఎంప్రెస్ మాత్రం కాదు. మూసిన్నాడు గేటు మీద కాయితం అంటించిండ్రు, ఫండు పైసల కోసం ఆరేండ్లు తిరిగిండు. ఇంట్ల ఇనుప పెట్టెల ఇప్పటికీ ఆ హాజరు కార్డులున్నయి, మూలలు మడిగి నల్లగైనయి, అవ్వ పారెయ్యనియ్యది. అందుకే నాకు జంషెడ్జీ ఏడ పుట్టిండన్నది పట్టది. 1886ల పింఛను ఫండు పెట్టిండు, 1895ల దెబ్బ తాకినోళ్లకు పరిహారం మొదలైంది. చట్టం అడగలే, యూనియన్ అడగలే. నాకు గది చాలు.

వరోరా_సిస్టర్
నేను సిరోంచ దాన్ని, నర్సును, ఇక్కడ వరోరాలో ఉంటున్నాను. "స్వశక్తి" గొడవ మీరు చూసుకోండి, నాకు రెండో మాట మీద పేచీ ఉంది. "సంపదను పంచిన".

జంషెడ్జీ దానం గురించి ఏమనుకునేవాడో ఆయనే చెప్పుకున్నాడు. బట్టలేనివాడికి బట్ట, ఆకలైనవాడికి అన్నం, రోగికి మందు, ఇదంతా అతుకుల దానం. దేశం లేవాలంటే తెలివైనవాళ్లను పైకి తేవాలి అని ఆయన ఆలోచన. ఆ ప్రకారమే 1892లో విదేశీ చదువులకు నిధి పెట్టాడు. అది కూడా అప్పుగా, తిరిగి కట్టాలి. మొదట అందుకున్నవాళ్లలో ఇద్దరు లేడీ డాక్టర్లు ఉన్నారు, అందుకు ఆయనకు దండం. 1898లో సైన్సు విద్యాలయానికి తన ఆస్తిలో సగం రాసిచ్చాడు, 30 లక్షల రూపాయలు. అదే బెంగళూరులో 1909లో మొదలైంది, ఆయన పోయిన ఐదేళ్లకు.

కానీ కాకా, అన్నా, మనం ఉన్నది ఎక్కడ? మా ఊరి పక్కనే ఆనందవనం, కుష్ఠు రోగుల ఆశ్రమం. దాన్ని పెట్టిన బాబా ఆమ్టే హింగన్‌ఘాట్ జమీందారీ ఇంటి బిడ్డ, వకీలు. స్వశక్తి లెక్కన ఆయనకు సున్నా మార్కులే! భార్యను, ఇద్దరు చిన్న పిల్లలను, ఆరుగురు కుష్ఠు రోగులను, ఒక కుంటి ఆవును, కుక్కను వెంటబెట్టుకుని రాళ్ల నేలలో కూర్చున్నాడు, చేతిలో 14 రూపాయలు. జంషెడ్జీ అతుకుల పని అన్నది ఆ పనినే. నేను రోజూ పుండ్లు కడుగుతాను, ఆ మాట నాకు గుచ్చుకుంటుంది.

కాటన్_మార్కెట్
అక్కా, అతుకులేసేటోళ్లు వద్దనలే ఆయన. అది చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు, రెండోది చేసేటోడు లేడన్నడు. 1895ల మిల్లు సభలనైతే, మేం వేరేటోళ్లకన్న గొప్ప దాతలమని చెప్పుకోం, కార్మికుని ఆరోగ్యం బాగుంటెనే కంపెనీ బాగుంటదన్న లెక్కతోని చేస్తున్నం అన్నడు. దానాన్ని లెక్క అని ఒప్పుకున్న సావుకారి నాకైతే ఇంకోడు కనవడలే.

వరోరా_సిస్టర్
ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటాను. "పంచిన" అనే మాట మాత్రం ఒప్పుకోను. "పెట్టుబడి పెట్టిన" అని రాయండి.

కుంపటి_కాకా, ఘుగ్గుస్
నేను కోలరీల (బొగ్గు గనిల) ఓవర్‌మన్, అంటె సూపర్‌వైజరు, చేసి దిగిన. మీరందరు ఇంత కొట్లాడుతున్నరు, మన జిల్లా సంగతి ఒక్కరు ఎత్తలే.

1882ల జర్మనోడు ఫాన్ ష్వార్ట్జ్ రిపోర్టు రాసిండు, గీ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లా లోహారాల ఇనుప రాయి మస్తున్నదని. అది చదివినంక జంషెడ్జీకి నిద్ర వట్టలే. ఇనుము లోహారాల, బొగ్గు వరోరాల, మిల్లు నాగ్‌పూర్ల. ఉక్కు ఫ్యాక్టరీ మన దగ్గర్నే వడాలె! బొగ్గు పరీక్ష చేపిచ్చిండు, పనికిరాదన్నరు. సర్కారు లైసెన్సు షరతులు సుత గట్టిగున్నయి. ఆగిపోయింది.

ఎందుకు పనికిరాలే? పిల్లలకు గిది చెప్పుండ్రి. ఇనుప రాయి కరగాల్నంటె కొలిమిల కోక్ గావాలె. కోక్ అయ్యే బొగ్గు ఏడిజేస్తె మెత్తవడి, ఉబ్బి, గట్టి గడ్డ అయితది. మీద ఎంత రాయి పోసినా మోస్తది. మన వర్ధా లోయ బొగ్గు అట్ల కాదు. కుంపట్ల ఏసి చూడు, ఎర్రగ మండుతది, వంట అయితది, తెల్లారి కట్టెతోని తాకితె తెల్ల బూడిది, బుర్రున రాలిపోతది. ఇంజిన్‌కు మంచిదే, కరెంటుకు మంచిదే, ఉక్కుకు కాదు. జార్ఖండ్ దిక్కు ఝరియా బొగ్గు కోక్ అయితది, ఫ్యాక్టరీ సాక్చీకి పోయింది, గదే జంషెడ్‌పూర్ అయింది. 1907ల కంపెనీ వెట్టిండ్రు, ఆయన 1904లనే జర్మనీల కన్ను మూసిండు. ఉక్కు చూడలే, బెంగళూరు కాలేజీ చూడలే.

గిప్పుడు చెప్పు మగ్గం తమ్మీ. మనిషికి శక్తి ఉన్నది, పైస ఉన్నది, మన బొగ్గుకు గుణం లేదు. నువ్వు కొట్టేసిన మాట మంచిగ కొట్టేసినవ్. కార్నెగీకి సుత గట్లనే కొట్టెయ్యి, పిట్స్‌బర్గ్ పక్కన కోక్ అయ్యే బొగ్గు ఉండె ఆయనకు.

మగ్గం_గుంట
కాకా, కార్నెగీ పేరు మీద కూడా ఎర్ర పెన్ను పెట్టించావు. పెట్టేశాను.

బదిలీ_కార్మికుడి_కొడుకు
కాకా, నీ కుంపటి ముంగట మేమంతా బూడిదే 🙏

వర్ధా_ఒడ్డు
సరే, కొత్త నోటీసు ఇది. "జంషెడ్జీ టాటా: లోహారాలో ఆగింది, సాక్చీలో ఎందుకు నడిచింది?" స్వశక్తి తీసేసినం, సిస్టర్ చెప్పినట్టు "పంచిన" కూడా తీసేసినం. నల్లమందు గురించి ఏ పిల్లాడైనా చెప్తే మార్కులు కొయ్యొద్దని జడ్జీలకు చెప్త. మగ్గం అన్నా, నువ్వే ఒక జడ్జీ, పెన్ను మాత్రం నీలిది తెచ్చుకో. కాకా, ఆ రోజు రెండు రకాల బొగ్గు తెచ్చి చూపిస్తవా?

కుంపటి_కాకా
మనది తెస్త. ఝరియాది ధన్‌బాద్ల ఉన్న పాత దోస్తును అడగాలె. స్టేజి మీద పాత పేపర్లు పరచుండ్రి, లేకుంటె పిల్లల తెల్ల షర్టులు పాడైతయి, తల్లులు నన్ను తిడతరు.