సముద్రం ఒడ్డున పెళ్ళి: సాయంత్రం ముహూర్తమా, తెల్లవారుజాము ముహూర్తమా? చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

పెళ్ళికూతురి తమ్ముడు:

అందరికీ నమస్కారం. మా అక్క పెళ్ళి మాఘంలో కుదిరింది. అక్కకి చిన్నప్పట్నుంచీ సముద్రం ఒడ్డునే పెళ్ళి చేసుకోవాలని, ఒక రిసార్ట్ వాళ్ళు ఇసక మీద మండపం వేసిస్తాం అన్నారు, ఎదురుగా సముద్రం, పక్కన సరుగుడు తోట, చూడ్డానికి చాలా బావుంది. కానీ మా నాన్న మాత్రం "పెళ్ళి అంటే పెళ్ళిలా ఉండాలి, జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఒక్కటి తగ్గినా నేనొప్పుకోను" అని కూర్చున్నారు. అక్క కూడా అదే అంటోంది, ఏదీ తగ్గించం, అన్నీ చేద్దాం, కాకపోతే బయట చేద్దాం అని. సో గొడవ శాస్త్రం గురించి కాదు, ప్లేస్ గురించే.

సిద్ధాంతి గారు శుద్ధ త్రయోదశి రోజున రెండు ముహూర్తాలు ఇచ్చారు, ఒకటి తెల్లవారుజామున 4:50, ఇంకోటి సాయంత్రం 7:12. చుట్టాలు 250 మంది దాకా వస్తారు, మా నాన్నమ్మది వీల్ చైర్. మాది తూర్పు తీరమే. ఏ ముహూర్తం తీసుకుంటే మంచిది, ఏమేం చూసుకోవాలి, నిజంగా చేసినవాళ్ళు చెప్పండి. ఇన్‌స్టాలో ఫోటోలు చూసి చెప్పేవాళ్ళు ఇప్పటికే మా ఇంట్లో చాలామంది ఉన్నారు 🙏

గాలివాన అత్త:

బాబూ మా అమ్మాయి పెళ్ళి మూడేళ్ళ క్రితం ఇలాగే ఇసక మీద చేశాం, అందుకే చెప్తున్నాను, అందరూ వర్షం గురించి భయపడతారు గానీ అసలు శత్రువు గాలి.

మాది సాయంత్రం ఆరున్నర ముహూర్తం. అడ్డుతెర పట్టుకున్నారు చూడు, అది తెర కాదు నాయనా, పడవ తెరచాప అయిపోయింది. అటో తమ్ముడు ఇటో తమ్ముడు పట్టుకున్నా మధ్యలో ఉబ్బిపోయి ఒకసారి అల్లుడి మొహానికి అంటుకుంది, ఒకసారి మా అమ్మాయి మొహానికి. ముహూర్తానికి ముందే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసేసుకున్నారు, అందరూ నవ్వులు. చివరికి మా మరిది ఎక్కణ్ణుంచో రెండు వెదురు కర్రలు తెచ్చి తెరకి పైన ఒకటి కింద ఒకటి కుట్టించాడు, అప్పుడు నిలిచింది. నువ్వు ముందే కుట్టించి పెట్టుకో, రెండు నిమిషాల పని.

ఇంకోటి, గంప. మా ఆచారంలో మేనమామలు పిల్లని గంపలో కూర్చోబెట్టి తీసుకురావాలి కదా, ఆ ఇద్దరూ కల్యాణ మండపంలో నున్నటి ఫ్లోర్ మీద మోసినట్టు మోద్దామనుకున్నారు, ఇసకలో మడమల దాకా దిగబడి నాలుగడుగులకే ఆయాసం, మధ్యలో దింపకూడదని పెద్దవాళ్ళు అరుపులు, పెళ్ళికూతురు గంప అంచు గట్టిగా పట్టుకుని "మామయ్యా నెమ్మది నెమ్మది" అంటోంది. వీడియోలో ఇప్పటికీ అదే మాకు ఫేవరెట్ అనుకో, కానీ ఆ టైంలో నా ప్రాణాలు పైకి పోయాయి. గంప వచ్చే దారంతా కింద ప్లైవుడ్ వేయించు, మీ నాన్నమ్మ గారి వీల్ చైర్ కూడా దాని మీదే వెళ్తుంది. కార్పెట్ ఒక్కటే వేస్తాం అంటారు, ఒప్పుకోకు, కార్పెట్ కింద ఇసక ఇసకే.

వైదిక మార్గం:

నేను పౌరోహిత్యం చేస్తాను, ఒడ్డున ఒక ఐదారు పెళ్ళిళ్ళు చేయించాను. శాస్త్రపరంగా ఆరుబయట పెళ్ళికి ఏ అభ్యంతరమూ లేదు, పందిరి వేసి అగ్ని ముందు చేసేదే మన వివాహం, నాలుగు గోడలు ఎవరూ అడగలేదు. సముద్రాన్ని మాత్రం పర్వదినాల్లో తప్ప ముట్టుకోకూడదని పెద్దల మాట ఉంది, అది స్నానం విషయంలో. కాబట్టి పెళ్ళయ్యాక ఇద్దర్నీ మధుపర్కాలతో నీళ్ళలోకి దింపి ఫోటోలు తీస్తామంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు, ముందే మాట్లాడుకోండి.

ఎవరూ ఆలోచించని విషయం దిక్కు. వధూవరులు తూర్పు ముఖంగా కూర్చుంటారు. మీది తూర్పు తీరం. అంటే సముద్రం వాళ్ళ ఎదురుగా ఉంటుంది, వెనక కాదు. డెకరేషన్ వాళ్ళు వెనకాల సముద్రం వచ్చేలా స్టేజి వేసి రెడీగా ఉంటారు, నేను వెళ్ళి కాదు ఇటు తిప్పండి అంటే వాళ్ళ మొహాలు చూడాలి. పడమటి తీరంలో అయితే ఆ ఫోటో కుదురుతుంది, మనకి కుదరదు. ఇక్కడ చుట్టాల వీపులకి సముద్రం ఉంటుంది.

రెండోది పొగ. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి సముద్రం మీంచి వస్తుంది, పొద్దుపోయాక కూడా కాసేపు అదే నడుస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి తిరిగి నేల మీంచి సముద్రంలోకి వెళ్తుంది. హోమం వధూవరుల ముందు ఉంటుంది కదా, సాయంత్రం ముహూర్తం అయితే పొగ మొత్తం పెళ్ళికూతురి మీదకి, తెల్లవారుజామున అయితే చుట్టాల మీదకి. ఎవరి కళ్ళు మండాలో మీరే తేల్చుకోండి 😄 

ఒకసారి గాలికి కర్పూరం అంటుకోక, చేత్తో గోడ కట్టి, కండువా అడ్డం పెట్టి, ఏడు అగ్గిపుల్లలు అయ్యాయి. ఇటుకలతో గుండం కాస్త లోతుగా కట్టించుకుని ఎండు సమిధలు, బాగా వేడిచేసిన నెయ్యి పెట్టుకుంటే లాజహోమానికి ఇబ్బంది ఉండదు. దీపాలకి గాజు చిమ్నీలు పెట్టండి.

సౌండ్ బాక్స్:

బ్రో నేను సౌండ్, లైటింగ్ పని చేస్తా. 4:50 ముహూర్తం ఓపెన్‌లో అంటే ముందు ఒక మాట, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, 2000లో వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్. స్పీకర్ ఒక్కటే కాదు, బయట వాయిద్యాలు కూడా వాయించకూడదు. అంటే గట్టిమేళం పడాల్సిన టైంకి నాదస్వరం వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. "ఆ టైంలో ఎవడు చూస్తాడు" అని చాలామంది కానిచ్చేస్తారు, కానీ పక్క రిసార్ట్‌లో ఎవడో ఒకడు ఫోన్ కొడితే మంగళసూత్రం కట్టే టైంకి పోలీసులొస్తారు, అది మీకవసరమా. 

7:12 అయితే ఏ టెన్షన్ లేదు. కాకపోతే మైకులకి ఫోమ్ తొడుగులు వేయమని చెప్పు, లేకపోతే మంత్రాల బదులు గాలి హోరు వినిపిస్తుంది. జనరేటర్ మండపానికి దూరంగా పెట్టించు, వైర్లు ఇసకలో పూడ్చేసి వదిలేస్తారు కొందరు, తడి ఇసకలో అది ప్రాణాంతకం, పైనుంచి లాగి టేప్ చేయమను. కుర్చీలు మామూలు ప్లాస్టిక్‌వి ఇసకలో వేస్తే కాస్త బరువైన మనిషి కూర్చోగానే వెనక కాళ్ళు దిగిపోయి మనిషి వెల్లకిలా పడతాడు, నేను చూసినవే నాలుగున్నాయి.

లైట్లు సముద్రం వైపు తిప్పకండి, మాఘం అంటే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే టైం, ఆ లైట్లకి అవి బెదిరి వెనక్కి పోతాయి, పిల్లలైతే సముద్రం ఎటుందో తెలీక లైట్ల వైపు పాకుతాయి. మీ బీచ్‌లో గూళ్ళు ఉన్నాయేమో ఫారెస్ట్ వాళ్ళని ముందే అడుగు.

ఉప్పుగాలి:

శుద్ధ త్రయోదశి అన్నావు చూడు, అక్కడ ఆగాను నేను. అంటే పౌర్ణమికి రెండ్రోజుల ముందు. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు ఎక్కువగా ఉంటుంది, నీళ్ళు మామూలు కంటే బాగా పైకొస్తాయి. పంతులు గారు చెప్పినట్టు పెళ్ళివాళ్ళు తూర్పుకి కూర్చుంటే చుట్టాల కుర్చీలే నీళ్ళకి దగ్గర. మా ఫ్రెండ్ పెళ్ళిలో అచ్చం ఇదే జరిగింది, మధ్యాహ్నం కుర్చీలు వేసినప్పుడు నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి, సరిగ్గా తలంబ్రాల టైంకి వెనక వరసల వాళ్ళు పట్టుచీరలు మోకాళ్ళ దాకా లాక్కుని కాళ్ళు కుర్చీల మీదకి ఎత్తేశారు, చెప్పులు తేలుతూ వెళ్ళిపోయాయి.

పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యం అవుతూ. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (INCOIS, కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు పోటు టైమింగ్స్, పెద్ద అలల హెచ్చరికలు ఇస్తారు, వెబ్‌సైట్‌లో చూసుకో. అదంతా ఎందుకనుకుంటే ముందు పౌర్ణమికి ఒకసారి వెళ్ళి నాచు, పుల్లలు, చెత్త ఒక గీతలా ఎక్కడ ఆగిందో చూడు, ఆ గీత కంటే బాగా పైకే నీ ఆఖరి కుర్చీ ఉండాలి. కార్తీకం, మార్గశిరం కాకుండా మాఘం పెట్టుకున్నారు అది నయం, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతం తుఫాన్ల సీజన్.

ముక్కుసూటి:

నాకర్థం కాదు, ఇన్ని అవస్థలు పడి ఒడ్డున ఎందుకు అసలు. రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టేసి ఒడ్డున రిసెప్షన్ ఒకటి పెట్టుకుంటే పోయేది కదా. ఒకవేళ చేస్తే మాత్రం ఆ థర్మాకోల్ ఉండల తలంబ్రాలు, మెరుపు కాగితాలు దయచేసి వద్దు. హాల్లో అయితే చీపురుతో ఊడుస్తారు, ఇసకలో ఎవడు ఏరతాడు, అన్నీ సముద్రంలోకే. బియ్యం, పసుపు, నెయ్యి, అంతే. నెయ్యి పట్టించిన బియ్యం బరువుగా ఉంటాయి కాబట్టి గాలికి కూడా ఎగరవు, పెద్దవాళ్ళు ఊరికే కలపలేదు.

వైదిక మార్గం:

ముక్కుసూటి గారూ తలంబ్రాల మాటకి నమస్కారం. రిజిస్టర్ మాటకి మాత్రం ఒప్పుకోను. 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది, సప్తపది ఉన్న ఆచారంలో ఏడో అడుగు పడినప్పుడే పెళ్ళి పూర్తయినట్టు. 2024లో సుప్రీంకోర్టు కూడా ఆచారం ప్రకారం తంతు జరగకుండా వట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని చెప్పింది. అందుకే ఫోటోగ్రాఫర్‌కి నేను ఎప్పుడూ చెప్తాను, డ్రోన్ తర్వాత ఎగరేద్దువు గానీ బాబూ, ముందు ఏడడుగులు తీయి అని.

గాలివాన అత్త:

ముక్కుసూటి గారు అడిగింది నన్నూ చాలామంది అడిగారు. హాల్లో మా పెద్దమ్మాయి పెళ్ళి చేశాం, ఎవరు వచ్చారో ఎవరు వెళ్ళారో తెలీదు, మూడు గంటలకల్లా హాలు ఖాళీ చేయమన్నారు, రెండో బంతి వాళ్ళు తింటుండగానే కుర్చీలు మడిచేశారు. ఒడ్డున చేసినప్పుడు చుట్టాలు రాత్రి దాకా కదల్లేదు, వియ్యపురాలు నేను చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసకలో నడుస్తూ గంట మాట్లాడుకున్నాం, ఆవిడతో నాకు మాట కలిసింది ఆ రోజే. తెర ఎగిరితే ఎగిరింది.

పెళ్ళికూతురి తమ్ముడు:

అందరికీ చాలా థాంక్స్ అండి, మొత్తం ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. నిన్న సాయంత్రం అక్క, నాన్న, నేను ముగ్గురం ఏడింటికి స్పాట్‌కి వెళ్ళాం, నాన్న కండువానే అడ్డుతెరలా పట్టుకున్నాం, అత్త గారూ మీరు చెప్పింది అక్షరాలా నిజం, నాన్న మొహానికి చుట్టుకుపోయింది. అగరొత్తి వెలిగిస్తే పొగ నేరుగా నా కళ్ళలోకి. తర్వాత నాన్నే ఏమనుకున్నారో సరుగుడు తోట దాటి ఇవతలికి వచ్చి మళ్ళీ వెలిగించమన్నారు. అక్కడ పొగ కాస్త అటూ ఇటూ ఊగింది గానీ ఎక్కువగా పైకే వెళ్ళింది. చెట్లు గాలిని ఆపేస్తున్నాయి, సముద్రం హోరు మాత్రం బాగానే వినిపిస్తోంది, చెట్ల సందుల్లోంచి కనిపిస్తోంది కూడా. కింద గట్టి నేల, రిసార్ట్ లోపలి రోడ్డు అక్కడిదాకా ఉంది కాబట్టి నాన్నమ్మ వీల్ చైర్‌కీ గంపకీ ఢోకా లేదు.

సో మండపం తోటకి ఇవతల, 7:12 ముహూర్తం. భోజనాలయ్యాక ఓపికున్నవాళ్ళు ఒడ్డుకి. అక్క ముందు మూతి ముడిచింది, ఇసక మీద కాదా అని. పంతులు గారూ ఆఖరి డౌట్, సాయంత్రం ముహూర్తానికి అరుంధతి కనిపిస్తుందా? మా బావకి (కాబోయే) ఆ పిచ్చి ఉంది, టెలిస్కోప్ తెస్తానంటున్నాడు.

వైదిక మార్గం:

తాళి కట్టే టైంకి కనపడదు. మాఘంలో సప్తర్షి మండలం రాత్రి తొమ్మిదిన్నర, పది దాటాక ఈశాన్యం మూల పైకి వస్తుంది, తోక మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని మసకగా ఉండేది అరుంధతి. మీకు ఈశాన్యం అంటే సముద్రం మీదే. వెన్నెల ఎక్కువ ఉంటుంది కాబట్టి రిసార్ట్ లైట్లకి వీపు పెట్టి కళ్ళు అలవాటు పడేదాకా ఆగమనండి. పగటి ముహూర్తాల్లో సీలింగ్ ఫ్యాన్ వైపు చెయ్యి చూపించి "అదిగో అరుంధతి" అనీ అనీ విసుగొచ్చింది నాకు, మీ అక్కని ఆ ఒక్కదానికి ఇసక మీదకి తీసుకెళ్ళండి.

పెళ్ళికూతురి తమ్ముడు:

అక్కకి చూపించాను. "సరే అయితే" అంది 😊 వెదురు కర్రలు ఇవాళే కొన్నాను.