మల్లె పొద ఎంతవరకు కోయాలి? సూటిగా చెప్పండి

మిద్దెమొక్క: పొద్దున్నుంచి వీడియోలు చూసి తల పగిలిపోతోంది. ఒకాయన మోకాలి ఎత్తుకు కొట్టేయమంటాడు, ఇంకొకావిడ చివర్లు తుంచితే చాలంటుంది. పొద గుబురుగా పెరిగింది కానీ పోయిన వేసవిలో నాలుగు పూలు పూస్తే ఒట్టు. ఎంతవరకు కోయాలి?

గోదారిగట్టు: ఏ మల్లె? కుండీనా, నేలా? ఎండ ఎంతసేపు?

మిద్దెమొక్క: మామూలు మల్లేనండీ, అందరిళ్లలో ఉండేదే. కుండీలో ఉంది.

పూలరైతు: అందరిళ్లలో ఉండేది ఒకటే రకం కాదు బాబూ. గుండుమల్లె అయితే నవంబరు, డిసెంబరుల్లో కోయాలి. జాజి అయితే జనవరి చివర్లో. పూలు కొత్త చిగుళ్ల మీదే వస్తాయి, అందుకే ఈ కోత. మేం తోటలో ముందు కొన్నాళ్లు నీళ్లు ఆపి, నేల నుంచి అడుగున్నర ఉంచి కోస్తాం. ఎండు కొమ్మలు, లోపలికి అల్లుకున్నవి తీసేస్తాం. తర్వాత పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి నీళ్లు పెడతాం. కుండీకి మాత్రం నీళ్లు అన్నాళ్లు ఆపకండి, చచ్చిపోతుంది.

సేంద్రియం: అది సరే, అసలు కత్తెర ఎవరైనా తుడుస్తున్నారా? తుప్పు కత్తెరతో కొమ్మ నలిపేసి, చివర్నుంచి ఎండుతోందని ఇక్కడికొచ్చి ఏడుస్తారు. స్పిరిట్‌తో తుడవండి. కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా కోయండి. లావు కొమ్మల కోతలకు బోర్డో పేస్ట్, అదే మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద, రాయండి. ఇక యూరియా గుప్పిళ్లతో చల్లేవాళ్లకు నా నమస్కారం, ఆకుకూర పెంచుకున్నట్టే.

వైజాగ్‌పాప: మా అమ్మ కత్తెరే పట్టదు. ఆకంతా దూసేస్తుంది, విరగబూస్తుంది.

పూలరైతు: ఆకు దూయడం వేరు, కత్తిరింపు వేరు.

వైజాగ్‌పాప: వేరైతేనేం అంకుల్, పూలు వస్తున్నాయిగా!

పూలరైతు: ఈ ఏడు వస్తాయి. ఎండు పుల్లలు ఎక్కడివక్కడే ఉంటే పురుగూ అక్కడే ఉంటుంది.

డాలస్‌తోట: మాకిక్కడ చలికి కుండీ ఇంట్లో పెట్టాం. ఇప్పుడే కోసేయమంటారా?

గోదారిగట్టు: వద్దు. చలి తగ్గి, బయట పెట్టే ముందు. మిద్దెమొక్క గారూ, ఎండ సంగతి చెప్పలేదు.

మిద్దెమొక్క: నీళ్ల ట్యాంకు వెనకాల ఉంది. పొద్దున ఓ గంట తగులుతుందేమో.

గోదారిగట్టు: ముందు కుండీ జరపండి.

పూలరైతు: అదన్నమాట! కనీసం ఐదారు గంటల ఎండ లేనిది ఎంత కోసినా ఆకులే.

మిద్దెమొక్క: ఇద్దరు పడితేగానీ కదలదది. ఆదివారం చూస్తా. థాంక్స్.

వైజాగ్‌పాప: గులాబీ కూడా ఇప్పుడే కోసేయొచ్చా?